ఆవు ఉండొచ్చు, పేడనీళ్లు మాత్రం కాలువలోకి పోకూడదు

ఒక పాఠకురాలి ఉత్తరం, కొంచెం కుదించి ఇస్తున్నాను. పేరు వద్దన్నారు.

"మాది తిరుపతి, కరకంబాడి రోడ్డు వైపు. మా మామ కాలంలో ఇది పంచాయతీ, చుట్టూ మడులు, మామిడితోపులు. ఇప్పుడు కార్పొరేషన్. మాది ఐదు సెంట్ల స్థలం. మూడు సెంట్లలో ఇల్లు, వెనక రెండు సెంట్లలో రేకుల కొట్టం. ఒక జెర్సీ ఆవు, ఒక పెయ్య, మూడు మేకలు, ఎనిమిది పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. మా ఆయన ఆటో నడుపుతాడు. మేం వాడుకోగా మిగిలిన పాలు వీధిలో ఆరు ఇళ్లకు పోస్తాను, పిల్లల ఫీజులు దాంతోనే. రెండేళ్ల కింద పక్కన మూడంతస్తుల ఇల్లు కట్టుకున్నవాళ్లు వాసన, ఈగలు, తెల్లవారుజామున పుంజు కూత అని రోజూ గొడవ. పోయిన నెల వాళ్ల పాపకు డెంగీ వచ్చింది, మా కొట్టం వల్లే అంటున్నారు. ఇళ్లకు 200 మీటర్ల లోపల పశువులు ఉండకూడదని ఫోన్‌లో ఏదో చూపించారు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చి వారంలో అన్నీ తీసేయండి అని నోటితో చెప్పిపోయాడు. ముందొచ్చింది మనం, తర్వాత వచ్చింది వాళ్లు, ఎందుకు తీయాలి అని మా అత్త పట్టుబట్టింది. నిజంగా అట్లాంటి చట్టం ఉందా? ఆవును పట్టుకుపోతారా? పొద్దున పూట పెయ్యను వదిలేస్తాం, అది తిరిగి మధ్యాహ్నానికి ఇంటికొస్తుంది, దాని గురించి కూడా భయంగా ఉంది. చంద్రగిరి దగ్గర మా తమ్ముడి ఊరికి అన్నిటినీ తోలేయాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు."

అక్కా, నోటితో చెప్పిన గడువు చూసి భయపడి ఆవును అగ్గువకు అమ్మేయకండి. ఇట్లాంటి సమయాల్లో బేరగాళ్లకు వాసన ముందే తగులుతుంది, సగం ధరకు అడుగుతారు. అయితే రెండో మాట మీకు నచ్చకపోవచ్చు, అయినా చెప్పాలి. పక్కింటివాళ్లు అనేదాంట్లో సగం నిజం ఉంది. ఆ సగాన్ని మీరే సరిచేసుకోకపోతే చట్టంలో మీకు ఎంత చోటు ఉన్నా అది మిమ్మల్ని కాపాడదు. ఊళ్లో పశువుల గొడవల్లో పెంచేవాళ్లు ఓడిపోయేది ఆవు ఉన్నందుకు కాదు, పేడ దగ్గర, మూత్రం దగ్గర, రోడ్డు మీద తిరిగే దూడ దగ్గర ఓడిపోతారు.

చట్టం ఉందా అన్నారు. ఇదీ రూలు అని చూపించడానికి ఒక్క కాగితం ఉండదు, నాలుగు చోట్ల ముక్కలుగా ఉంటుంది. అందుకే ఎవరికి కావాల్సిన ముక్క వాళ్లు పట్టుకుని వాదిస్తారు. మొదటిది తుడా, అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, మాస్టర్ ప్లాన్. మీ సర్వే నంబరు అందులో నివాస జోన్‌లో ఉందా, వ్యవసాయ జోన్‌లో ఉందా అన్నది తుడా ఆఫీసులో గానీ, వార్డు సచివాలయంలో ప్లానింగ్ చూసే సెక్రటరీ దగ్గర గానీ తెలుస్తుంది. చుట్టూ ఇన్ని ఇళ్లు లేచాయంటే నివాస జోన్ అయ్యే అవకాశమే ఎక్కువ. నివాస జోన్‌లో డెయిరీ ఫారం పెట్టడం వేరు, ఇంట్లో వాడకానికి ఒక ఆవును కట్టేసుకోవడం వేరు. జోన్ అనేది స్థలాన్ని దేనికి వాడుతున్నారన్న లెక్క కాబట్టి పశువుల సంఖ్య, వ్యాపారమా కాదా అన్నవే అక్కడ ముఖ్యం. రెండోది కార్పొరేషన్ చేతిలో ఉన్న పారిశుద్ధ్యం, ట్రేడ్ లైసెన్సు. మూడోది ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించడం మీద ఉన్న మామూలు చట్టం. నాలుగోది ఆహార భద్రత, ఎందుకంటే మీరు పాలు అమ్ముతున్నారు.

ఇక ఆ 200 మీటర్ల సంగతి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో డెయిరీ ఫారాలకు, గోశాలలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఇళ్లకు, స్కూళ్లకు, ఆసుపత్రులకు ఎంత దూరంలో ఉండాలి, పేడ ఏం చేయాలి, నీళ్లు ఎక్కడికి పోవాలి అని ఉండేది అందులోనే. పదుల సంఖ్యలో గేదెలను కట్టి, పేడనంతా కడిగి కాలువలోకి వదిలే తబేలాలను ఉద్దేశించి వచ్చినవి అవి. ఒక ఆవు, ఒక పెయ్య ఉన్న ఇంటికి ఆ ఫార్వర్డ్ చూపించి వారంలో ఖాళీ చేయమనడం సరికాదు. అలాగని మార్గదర్శకాలు మాకు వర్తించవు అని గుండెమీద చెయ్యి వేసుకుని కూర్చోకండి. పేడ, మురుగు గురించి అందులో చెప్పిన మాటలు ఒక్క ఆవు ఉన్న ఇంటికి కూడా మంచివే.

నోటి మాట నోటీసు కాదు. ఇన్‌స్పెక్టర్‌తో గొడవ పడొద్దు, ఆయన ఫిర్యాదు వస్తే రావాల్సిందే. కమిషనర్ గారి పేరు మీద తెల్లకాగితం మీద ఒక అర్జీ రాసి ఆఫీసులో ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. "ఫలానా తేదీన సిబ్బంది వచ్చి పశువులను తొలగించమన్నారు. ఏ నిబంధన కింద చెప్పారో రాతపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాను. ఈలోగా పేడ, మురుగు విషయంలో నేను చేస్తున్న మార్పులు ఇవి, వచ్చి చూడగలరు" అని అంతే, మూడు వాక్యాలు. సోమవారం జరిగే అర్జీల కార్యక్రమంలో ఇస్తే నంబరు కూడా వస్తుంది. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో అడగండి, 30 రోజుల్లో చెప్పాలి. అడిగేటప్పుడు ఎందుకు, ఏమిటి అని ప్రశ్నలు వేయకుండా, నివాస జోన్‌లో ఇంటి పశువుల గురించి కార్పొరేషన్ చేసిన తీర్మానం, నిబంధన ఏదైనా ఉంటే దాని నకలు ఇవ్వండి అని కాగితాన్నే అడగండి. మీ దొడ్లో గూటానికి కట్టేసి ఉన్న ఆవును, కాగితం లేకుండా, మీ మాట వినకుండా తోలుకుపోవడం జరగకూడదు. రోడ్డు మీద తిరిగే పెయ్య సంగతి మాత్రం వేరు. దాని దగ్గరికి వస్తాను.

అత్తగారి మాట. ఆమె బాధ నాకు అర్థమవుతుంది. మడులున్న రోజుల నుంచి ఉన్న ఇల్లు, ఆ కొట్టంలో ఎన్ని ఈతలు చూసి ఉంటుందో, నిన్న మొన్న వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటే కోపం రాదా? పాత పంచాయతీ ఇంటిపన్ను రసీదులు ఉంటే భద్రంగా పెట్టండి, ఇక్కడ ఎప్పటి నుంచి ఉన్నారో చెప్పడానికి పనికొస్తాయి. కానీ ముందొచ్చాం కాబట్టి భరించాలి అన్న వాదన ఒక్కటే పట్టుకుంటే నిలబడదు. నలుగురికీ ఇబ్బంది కలిగించే పనిని ఎన్నేళ్లు చేసినా అది హక్కుగా మారదు. ఇప్పుడున్న భారతీయ న్యాయ సంహితలో 270వ సెక్షన్ పబ్లిక్ న్యూసెన్స్ గురించి చెబుతుంది. ఆ ఇబ్బందిని తొలగించమని ఆదేశించే అధికారం భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీవో లాంటి ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్లకు ఉంది. అక్కడ కూడా మొదట ఇచ్చేది షరతుతో కూడిన ఆదేశమే. తీసేయండి, లేదా ఎందుకు తీయక్కర్లేదో వచ్చి చెప్పండి అని ఉంటుంది. మీరు వెళ్లి చెప్పే రోజున చూపించడానికి శుభ్రమైన కొట్టం ఉండాలి. లేకపోతే రసీదులు ఎన్ని ఉన్నా లాభం లేదు.

కాబట్టి పేడ దగ్గరికి వద్దాం, అసలు పని అక్కడే ఉంది.

పెద్ద ఆవు రోజుకు పది, పదిహేను కిలోల పేడ వేస్తుంది. పెయ్యది కలిపితే మీ రెండు సెంట్లలో రోజుకు ఇరవై కిలోల దాకా పడుతుంది. వారం దిబ్బ వేశారంటే నూట నలభై కిలోలు, పక్కింటి వంటగది కిటికీకి ఎదురుగా. ఈగ తడి పేడలో గుడ్లు పెడితే మన ఎండలకు వారం పది రోజుల్లో అది మళ్లీ ఈగ అయి లేస్తుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే చాలు. పేడ ఏదీ మీ ఆవరణలో మూడు రోజులకు మించి తడిగా ఉండకూడదు. పలుచగా తట్టిన పిడకలో పురుగు బతకదు, ఎండిపోతుంది. కుప్పగా పోసిన పేడలో పైన పొర ఎండినట్టు కనిపిస్తుంది గానీ బెత్తెడు లోపల చెయ్యి పెడితే వెచ్చగా, తడిగా, తెల్ల పురుగులతో కదులుతుంటుంది. మీ దిబ్బలో ఒకసారి కట్టెతో కెలికి చూడండి, పక్కింటావిడ ఎందుకు అరుస్తోందో మీకే తెలుస్తుంది.

ఈ పేడ తీసుకునేవాళ్లు ఊళ్లో లేక కాదు. ఇప్పుడు తిరుపతిలో మిద్దెతోటలు పెంచేవాళ్లు చాలామంది ఉన్నారు, ఎండిన పేడను సంచుల్లో కొంటున్నారు. తిరుచానూరు, చంద్రగిరి వైపు రైతులు ట్రాలీతో వచ్చి తీసుకుపోతారు, కానీ రెండు పశువుల పేడకు ట్రాలీ రాదు కాబట్టి మీ వీధిలో, పక్క వీధిలో ఆవులున్న ఇళ్లన్నీ కలిసి మాట్లాడుకోవాలి. మీ ఆయనకు ఆటో ఉంది. ఎండబెట్టిన పేడను సంచుల్లో కట్టి రెండు రోజులకోసారి ఒక తోటలో దింపి వస్తే డీజిల్ ఖర్చు తప్ప ఇంకేం పోదు. స్థలం చాలితే ఒక మూలన సిమెంటు తొట్టి కట్టి వానపాముల ఎరువు చేయండి, రెండు నెలల లోపు ఎరువు తయారవుతుంది, వాసన ఉండదు. గోబర్ గ్యాస్ పెట్టమని ఎవరైనా చెబితే మాత్రం తొందరపడకండి. ఒక ఘనపు మీటరు గ్యాసుకే రోజుకు పాతిక కిలోల పేడ కావాలి. మీ దగ్గర అంత రాదు, డబ్బు పెట్టి తొట్టి కట్టించుకుని తర్వాత బాధపడతారు.

మూత్రం, కడిగిన నీళ్లు. ఎక్కువమంది నిర్లక్ష్యం చేసేది ఇదే. పైపు పట్టి కొట్టం కడిగేసి మొత్తం వీధి కాలువలోకి తోస్తారు, పేడ అడుగున పేరుకుని కాలువ నిలిచిపోతుంది, వాన రాగానే అది రోడ్డెక్కుతుంది. కార్పొరేషన్ వాళ్లకు మీ మీద నేరుగా చర్య తీసుకునే అవకాశం ఇచ్చేది కూడా ఇదే. ముందు పారతో పేడ ఎత్తి, చీపురుతో ఊడ్చి, ఆ తర్వాతే కొద్ది నీళ్లతో కడగండి. నేల కొంచెం వాలుగా ఉండి, చివర జల్లెడ పెట్టిన ఒక చిన్న గుంత ఉండాలి, మూత్రం అందులో చేరాలి. ఆ మూత్రంలో నీళ్లు కలిపి మొక్కలకు పోయొచ్చు, ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు అడిగి తీసుకుపోతారు కూడా. ఆవు నిలబడే చోట తడి లేకపోతే దాని గిట్టలకూ మంచిది, పొదుగు వాపు తగ్గుతుంది.

డెంగీ సంగతి వింటే బాధేసింది. బిడ్డకు ప్లేట్‌లెట్లు పడిపోతుంటే తల్లిదండ్రులకు ఎదురుగా ఏది కనిపిస్తే దాన్ని తిడతారు, అది మనసులో పెట్టుకోకండి. డెంగీ దోమ పగలు కుడుతుంది, అది మురుగులో పెరగదు. ట్యాంకుల్లో, కూలర్లలో, పూలకుండీల కింద పళ్లాల్లో నిలిచిన మంచినీళ్లలో పెరుగుతుంది. కాబట్టి పేడ వల్ల డెంగీ రాదు. కానీ మీ ఆవు తాగే నీళ్ల తొట్టి ఉంది కదా, అందులో రావచ్చు. ఆ దోమ నీటి అంచుకు కాస్త పైన తొట్టి గోడకు గుడ్లు అంటిస్తుంది, నీళ్లు పారబోసినా అవి అట్లాగే ఉంటాయి, నెలలపాటు ఎండినా చావవు, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకే వారానికి ఒక్కసారైనా తొట్టి ఖాళీ చేసి, కొబ్బరిపీచుతో గోడలు గట్టిగా రుద్ది, ఎండనిచ్చి, మళ్లీ నింపండి. కుడితి తొట్టి కూడా అంతే. ఈ పని చేస్తున్నానని పక్కింటివాళ్లకు చెప్పండి, వాళ్ల మేడ మీద ట్యాంకు మూత సరిగా ఉందో లేదో చూసుకోమని మెల్లగా అనండి, ఎదురుదాడిలా కాకుండా.

ఇప్పుడు ఒక్కొక్క జీవం గురించి, నా మనసులో ఉన్నది చెబుతాను.

పుంజును పంపించేయండి. పెట్టలు గుడ్లు పెట్టడానికి పుంజు అక్కర్లేదు, పిల్లలు కావాలంటేనే కావాలి. తెల్లవారుజామున మూడున్నరకు, నాలుగుకు కూసే పుంజును గంప కింద మూసినా కూస్తుంది, దాని ఒంట్లోనే ఆ గడియారం ఉంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకునేవాళ్లు, పరీక్షలకు చదివే పిల్లలు ఉన్న వీధిలో ఇది నిజమైన బాధ. అత్తగారికి కోడిపిల్లలు కావాలంటే తమ్ముడి ఊరి నుంచి విత్తనపు గుడ్లు తెచ్చి, పొదుగుకొచ్చిన పెట్ట కింద పెడితే సరి. ఎనిమిది పెట్టలు ఉండొచ్చు, రాత్రి గూట్లో పెట్టి, పగలు జాలీ లోపలే తిరగనివ్వండి. కొక్కెర తెగులు టీకాలు వేయించండి. పక్క నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి జనం మర్చిపోలేదు, 2024 ఫిబ్రవరిలో అక్కడ కోళ్లను చంపి పూడ్చాల్సి వచ్చింది. ఒకేసారి రెండు మూడు కోళ్లు చనిపోతే కాలువలో పడేయకుండా పశువుల ఆసుపత్రికి చెప్పండి.

మేకలు ఊరికి పంపండి. ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోకపోవచ్చు. మేక నడుస్తూ, పొదలు కొరుకుతూ బతికే జీవం. రెండు సెంట్లలో గూటానికి కట్టేసి అవిశాకు, రొట్ట కొని మేపితే మిగిలేది తక్కువ, వదిలితే ఎదురింటి గులాబీ మొక్క మాయం. పోతు ఒకటి ఉందంటే వాసన కూడా చాలా ఘాటు. మూడు మేకలు తమ్ముడి మందలో కలిస్తే వాటికీ సుఖం, మీకూ పండగకు చేతికి డబ్బు.

పెయ్యను వదలడం ఈ రోజే మానేయండి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది అదే. మీరు అనుకుంటున్నట్టు అది తిరిగి తిని రావడం లేదు అక్కా, కూరగాయల తుక్కుతో పాటు ముడివేసిన ప్లాస్టిక్ కవర్లు మింగి వస్తోంది. ఆ కవరు పేడలో బయటికి రాదు, పెద్ద పొట్టలో చేరి ముద్ద కడుతుంది, ఒక్కొక్క పశువు పొట్ట కోసినప్పుడు కిలోలకు కిలోలు తాళ్లు, కవర్లు, మేకులు బయటికి తీస్తారు. అప్పటికి ఆ పశువు మేత మానేసి, ఎడమ డొక్క ఉబ్బి, ఎముకలు తేలి ఉంటుంది. ఇంకో పక్క, యాత్రికుల బస్సులు, బైకులు తిరిగే రోడ్డు మీద రాత్రి పూట పడుకున్న పశువుకు గుద్దుకుని మనుషులు చనిపోతున్నారు. పశువు విషయంలో అజాగ్రత్తగా ఉండి మనుషుల ప్రాణానికి, ఒంటికి ప్రమాదం తెస్తే న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. రోడ్ల మీద పశువులను పట్టుకుని బందెలదొడ్డికి తోలే అధికారం పాతకాలం నుంచీ ఉంది, 1871 నాటి చట్టం అది. మీ పెయ్యను అట్లా పట్టుకుపోతే నేను కూడా మీ వైపు మాట్లాడలేను. మేత ఖర్చు భారమైతే పెయ్యను తమ్ముడి దగ్గర పెంచి, చూడి కట్టాక తెచ్చుకోండి.

ఆవు ఉండనివ్వండి. పెద్ద ఆవుకు కప్పు కింద మూడున్నర చదరపు మీటర్లు, బయట ఏడు చదరపు మీటర్లు ఉంటే చాలని పశుసంవర్ధక లెక్క. మీ రెండు సెంట్లు దాదాపు 80 చదరపు మీటర్లు. స్థలం సరిపోతుంది. రేకుల వేడి మాత్రం జెర్సీకి నరకం, మన దగ్గర మే నెలలో అది నాలుక బయటపెట్టి రొప్పుతుంటుంది. రేకుల మీద కొబ్బరాకులు పరిచి, మధ్యాహ్నం ఒంటి మీద నీళ్లు చల్లండి. కొట్టాన్ని పక్కింటి కిటికీ వైపు నుంచి మీ ఇంటి గోడ వైపుకు జరపగలిగితే జరపండి, పది అడుగుల తేడా కూడా గొడవను సగం చేస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా పుంగనూరు ఆవు కొందాం, చిన్నది, ఎవరూ ఏమనరు అనొచ్చు, ఈ మధ్య అందరి నోటా అదే. మన ప్రాంతపు జాతి, దాదాపు మూడడుగుల ఎత్తు, చిక్కటి పాలు, ఎంత మురిసిపోయినా తక్కువే. కానీ పాలు కొద్దిగా ఇస్తుంది, ధర లక్షల్లో ఉంది, పాల మీద ఫీజులు కట్టే ఇంటికి అది లెక్క కుదరదు. పైగా కాలువలో పడ్డాక పేడ ఏ జాతిదైనా ఒకటే.

పాలు అమ్ముతున్నారు కాబట్టి ఆహార భద్రత శాఖ దగ్గర చిన్న విక్రేతగా రిజిస్ట్రేషన్ చేయించుకోండి, ఆన్‌లైన్‌లో అవుతుంది, పెద్ద ఖర్చు కాదు. ట్రేడ్ లైసెన్సు కావాలా అని కూడా అదే అర్జీలో అడిగేయండి. ఆవుకు, పెయ్యకు చెవిపోగు వేయించారా? ఆ 12 అంకెల నంబరు ఉంటేనే టీకాల లెక్క ఉంటుంది. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి, ఆడదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో బ్రుసెల్లోసిస్ టీకా ఒక్కసారి, రెండూ ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. పాలు పోసే ఆరు ఇళ్లకూ కాచి తాగమని చెప్పండి. వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఊళ్లోనే ఉండడం తిరుపతి వాళ్ల అదృష్టం, మందులు, టీకాల కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టుకుంటే ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు బల్ల మీద పెట్టి మాట్లాడొచ్చు.

పక్కింటికి మీరే వెళ్లండి, మీ ఆయనను తీసుకుని, అత్తగారు లేకుండా. పాలచెంబు పట్టుకుని వెళ్లకండి, లంచంలా కనిపిస్తుంది. పాప ఎలా ఉందని అడిగి, పుంజును, మేకలను పంపించేశామని, పెయ్యను కట్టేశామని, పేడ ఏ రోజుల్లో ఎత్తుతామో చెప్పండి. పది రోజుల తర్వాత వచ్చి కొట్టం చూడమనండి. నిజంగా మార్పు కనిపిస్తే చాలామంది మెత్తబడతారు. మెత్తబడకపోతే కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థలో ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించమని అర్జీ పెట్టొచ్చు, దావా వేయకముందే, ఖర్చు లేకుండా.

ఇంకొక సంగతి, ఇది మీ ఒక్క ఇంటిది కాదు. కొర్లగుంటలో, జీవకోనలో, మంగళం వైపు, చిత్తూరు టౌన్‌లో కూడా ఒకటి రెండు ఆవుల మీద ఆధారపడ్డ ఇళ్లు ఉన్నాయి, అందులో ఎక్కువ ఇళ్లలో ఆ పని ఆడవాళ్లదే. ఒక్క ఆవున్న ఇంటినీ నలభై గేదెల తబేలానూ ఒకే మాటతో వారంలో తీసేయండి అనడం అన్యాయం. ఇంత స్థలానికి ఇన్ని పశువులు, పక్కింటి గోడకు ఇంత దూరం, పేడ ఎత్తే బాధ్యత, చెవిపోగు తప్పనిసరి, రోడ్డు మీద వదిలితే జరిమానా అని స్పష్టంగా రాసిపెడితే పెంచేవాళ్లకూ తెలుస్తుంది, పక్కింటివాళ్లకూ తెలుస్తుంది, ఇన్‌స్పెక్టర్‌కూ తన ఇష్టం మీద నడిపే అవసరం ఉండదు. గుజరాత్‌లోని అకోదర అనే ఊళ్లో పశువులన్నిటికీ ఊరి బయట ఒకేచోట హాస్టల్ కట్టారు, ఎవరి పశువు వాళ్లదే, పాలు వాళ్లవే, పేడ నుంచి గ్యాసు. తిరుపతి శివార్లలో అట్లాంటిది ఒకటి అడగడానికి మనకేం తక్కువ? కనుమ నాడు రంగంపేటలో పశువులకు కొమ్ములు అలంకరించి ఊరంతా పండగ చేసుకునే ప్రాంతం మనది. మీ వార్డులో ఆవులున్న ఆడవాళ్లందరూ కలిసి కార్పొరేటర్‌కు ఒక కాగితం ఇవ్వండి, మీ ఒక్కరి పేరు మీద వద్దు.

తమ్ముడి ఊరికి అన్నీ తోలేయాలా అంటే, నేను చెప్పినవి చేసి మూడు నెలలు చూశాక ఆలోచించండి. అప్పటికీ గొడవ ఆగకపోతే ఆవును కూడా అక్కడికి మార్చడం ఓటమి కాదు. గ్రామాల్లో ఉపాధి హామీ నిధులతో గోకులం షెడ్లు కట్టించారు, కార్పొరేషన్ పరిధిలో అవి రావు. మీ తమ్ముడి పేరు మీద అట్లాంటి షెడ్డుకు వీలుందా అని వాళ్ల ఊరి సచివాలయంలో, రైతు సేవా కేంద్రంలో ముందే అడిగి ఉంచండి. చంద్రగిరి దగ్గరే కాబట్టి మీ ఆయన ఆటోలో పొద్దున పాలు తెచ్చి ఆ ఆరు ఇళ్లకూ పోయడం కుదరని పని కాదు, కాకపోతే పాలు పితికే బాధ్యత ఎవరిది, మేత ఖర్చు ఎవరిది, దూడ ఎవరిది అన్నది అన్నదమ్ముల మధ్య అయినా, అక్కాతమ్ముళ్ల మధ్య అయినా ముందే తేల్చుకోండి, లేకపోతే పక్కింటి గొడవ పోయి పుట్టింటి గొడవ వస్తుంది.

ఈ వారంలో చేయాల్సింది మాత్రం పెయ్యను కట్టేయడం, దిబ్బ ఎత్తించడం, అర్జీ ఇచ్చి స్టాంపు వేయించుకోవడం. ఈలోగా నోటీసు కాగితం వస్తే దాని ఫొటో తీసి పంపండి, అందులో ఏ సెక్షన్ రాశారో చూసి, దానికి జవాబు ఎలా ఇవ్వాలో మళ్లీ రాస్తాను.